కాటాను ఈ-పోస్‌కు పరిచయం చేసిందెవరు?

చోడవరంలో మా పిన్ని రేషను బియ్యానికి బయల్దేరితే, సంచి పట్టుకుని నేనూ వెనకే వెళ్లాను. మా ముందు పదిమంది ఉన్నారు. ఒక ముసలమ్మ వేలు నొక్కుతోంది, మెషీను కీచుమంటోంది. మూడుసార్లయింది.

"వేలు తుడిసి నొక్కమ్మా" అన్నాడు డీలరు.

"సెరుకు జడలు కట్టీ సేతులు బాబూ. గీతలెక్కడుంతాయి?" అందావిడ, వేలిని కొంగుకు రుద్దుకుంటూ.

నాలుగోసారి పడింది. డీలరు కాటా మీద డబ్బా పెట్టి బియ్యం పోశాడు. కాటాలో ఎర్ర అంకెలు ఎక్కి ఎక్కి ఆగాయి. మరుక్షణం అదే బరువు పక్కనున్న వేలిముద్ర మెషీను, అంటే ఈ-పోస్, తెర మీదకు వచ్చింది. రెంటికీ మధ్య తీగ లేదు. డీలరు చేత్తో అంకె కొట్టలేదు. చీటీ బయటికొచ్చింది.

నాకు ఒక కొంటె ప్రశ్న తట్టింది. "ఈ కాటా బరువు పక్క వీధి దుకాణం మెషీనులో పడితేనో?" అని అడిగాను.

"పడదండి. దీనికీ దానికీ పెళ్లయిపోనాది" అన్నాడు డీలరు, తల ఎత్తకుండానే.

బాగా చెప్పాడు. అయితే ఆ పెళ్లి చేసిందెవరు? నోరులేని రెండు డబ్బాలు. ఒకదాన్ని ఒకచోట తయారు చేశారు, రెండోదాన్ని ఇంకెక్కడో. గాలిలో వచ్చే సంకేతం తన కాటాదేనని పోస్ ఎలా పోల్చుకుంటుంది? పక్క గదిలో కూర్చున్న ఎవడో ఫోనుతో "పది కిలోలు" అని పంపితే అది ఎందుకు నమ్మకూడదు?

ఆంధ్రప్రదేశ్ రేషను దుకాణాల్లోకి ఈ-పోస్ యంత్రాలు 2015 నుంచి వచ్చాయి. తూకాన్ని కూడా వాటికే ముడిపెట్టారు. 2021 జనవరిలో బియ్యం బండ్లెక్కి ఇంటి గుమ్మం ముందుకొచ్చింది, 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణానికే చేరింది. దుకాణమైనా బండైనా వేలు, కాటా, యంత్రం, దూరంలో ఉన్న సర్వర్ ఒకదాన్నొకటి నమ్మితేనే మా పిన్ని సంచిలో బియ్యం పడతాయి. "స్మార్ట్" అంటే మనకు హైటెక్ సిటీ అపార్ట్‌మెంట్లు, మాట వినే దీపాలు గుర్తొస్తాయి. నన్నడిగితే, చోడవరం రేషను దుకాణం వాటికంటే ముందే స్మార్ట్ అయింది.

"నేనే" అంటే చాలదు

రాత్రి తలుపు కొడతారు. "ఎవరది?" అంటాం. "నేనే" అని వస్తుంది జవాబు. ఆ మాటలో సమాచారం ఏమీ లేదు. ప్రపంచంలో ప్రతివాడూ "నేనే". అయినా తలుపు తీస్తాం, ఎందుకంటే గొంతు గుర్తుపట్టాం. యంత్రాలకు ఈ గొంతు సౌకర్యం లేదు. బ్లూటూత్‌లో, వైఫైలో వచ్చే అంకెలన్నీ ఒకే గొంతుతో వస్తాయి. ప్రతి పరికరం తన పేరు తానే చెప్పుకుంటుంది, ఎవరి పేరైనా చెప్పుకోగలదు.

మా వైపు చెరకు తోటల్లో మొబైల్ స్టార్టర్లు చూసే ఉంటారు. మోటారు పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. రైతు ఇంట్లో మంచం మీంచి ఫోను చేస్తే పొలంలో మోటారు ఆడుతుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు పాముల మధ్య నడిచే బాధ తప్పింది, గొప్ప సౌకర్యమే. కానీ వాటిలో చాలా రకాలు ఫోను చేసిన నంబరు చూసి యజమానిని గుర్తుపడతాయి. నంబరును అబద్ధంగా చూపించే దొంగ విద్య ఉంది. అంటే ఆ స్టార్టర్ "నేనే" అన్నవాడికల్లా తలుపు తీసే రకం.

అయితే రహస్య పదం పెట్టుకుంటే? పోస్‌కూ కాటాకూ మాత్రమే తెలిసిన ఒక మాట. కాటా ఆ మాట చెబుతుంది, పోస్ నమ్ముతుంది. చిక్కేమిటంటే, గాలిలో చెప్పిన మాట గాలిలో ఉన్న వాళ్లందరికీ వినిపిస్తుంది. ఒక్కసారి విన్నవాడు రేపు అదే మాటను తిరిగి వల్లిస్తాడు. అర్థం తెలియక్కర్లేదు, చిలకలా అప్పజెబితే చాలు.

దెయ్యానికి తేదీ తెలియదు

ఈ అప్పజెప్పే మోసం మన ఊళ్లలో పాతదే. తెలిసిన గొంతుతో తలుపు దగ్గర పిలిచే ఆడ దెయ్యం ఒకటి తిరుగుతోందని, పలికితే ప్రాణం పోతుందని ఒకప్పుడు పుకారు. జనం తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. దెయ్యం వచ్చి చదివి వెళ్లిపోయేది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదివి వెళ్లిపోయేది. ఎన్నాళ్లయినా అంతే.

నవ్వులాట పక్కన పెట్టి చూస్తే, ఇందులో రెండు పాఠాలున్నాయి. దెయ్యం వేసిన ఎత్తు తెలిసిన గొంతును అనుకరించడం. మనం వేసిన ఎత్తు తేదీ లేని సందేశం. "రేపు" అన్న మాట నిన్నటిదా ఇవాళ్టిదా అని దెయ్యం ఒక్కసారి అడిగి ఉంటే మన పని అయిపోయేది. సందేశం తాజాదా పాతదా అని చూసుకోని యంత్రాన్ని ఎవరైనా ఇలాగే తిప్పి పంపవచ్చు. లేదా లోపలికి రావచ్చు.

అందుకే రహస్యాన్ని బయటికి చెప్పకుండా, అది తన దగ్గర ఉందని రుజువు చేసే పద్ధతి పుట్టింది. మీ ఫోనులోని సిమ్ రోజూ చేసే పని అదే. సిమ్ లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది. దాని నకలు ఫోను కంపెనీ దగ్గర ఉంటుంది. ఆ సంఖ్య సిమ్ దాటి ఎప్పుడూ బయటికి రాదు. మీరు ఫోను ఆన్ చేయగానే కంపెనీ ఒక కొత్త సంఖ్యను విసురుతుంది, అప్పటికప్పుడు పుట్టించింది, మళ్లీ వాడనిది. సిమ్ ఆ కొత్త సంఖ్యనూ తన రహస్యాన్నీ కలిపి రుబ్బి ఒక జవాబు పంపుతుంది. కంపెనీ కూడా తన దగ్గరున్న నకలుతో అదే రుబ్బు రుబ్బి చూసుకుంటుంది. రెండూ సరిపోతే నువ్వు నువ్వే. మధ్యలో విన్నవాడికి ఇవాళ్టి ప్రశ్న, ఇవాళ్టి జవాబు దొరుకుతాయి. రేపటి ప్రశ్న వేరు.

ఇక్కడ ఒక పాత తప్పు చెప్పుకోవాలి. 2జీ రోజుల్లో ఈ పరీక్ష ఒకవైపే జరిగేది. టవర్ ఫోనును ప్రశ్నించేది, ఫోను టవర్‌ను "నువ్వెవరు?" అని అడిగేది కాదు. పెళ్లిచూపుల్లో పిల్లనే ప్రశ్నలు వేసి, పిల్లాడి సంగతి ఎవరూ అడగనట్టు. దాంతో దొంగలు చిన్న నకిలీ టవర్ పెట్టెలు తయారు చేసుకుని, చుట్టుపక్కల ఫోన్లన్నిటినీ తమవైపు లాగి, బ్యాంకు పేరుతో ఎస్సెమ్మెస్‌లు గుప్పించగలిగారు. 3జీ నుంచి పరీక్ష రెండువైపులా జరుగుతోంది. కానీ మన ఫోన్లు 2జీని ఇంకా పూర్తిగా వదల్లేదు. నకిలీ టవర్ ముందు ఫోనును 2జీకి దింపి తర్వాత పని కానిస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి 2జీని మూసేసే మీట ఒకటి ఇచ్చారు, అన్ని ఫోన్లలో కనిపించదు.

సిమ్‌కు ఒక అదృష్టం ఉంది. దాని రహస్యాన్ని ముందే లోపల పెట్టి, తర్వాతే మన చేతికిస్తారు. మన కాటాకూ పోస్‌కూ అలాంటి తోబుట్టువుల బంధం లేదు. అవి మొదటిసారి కలిసేది దుకాణంలోనే. ఇంతకుముందు ముఖం చూడని ఇద్దరు, నలుగురూ వింటుండగా, గట్టిగా మాట్లాడుకుని, ఆ నలుగురికీ తెలియని రహస్యం ఒకటి ఏర్పరచుకోగలరా? పశువుల సంతలో బేరగాళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. గాలిలో తువ్వాలు ఎక్కడ కప్పేది?

కుదరదనే చాలాకాలం అనుకున్నారు. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ కుదురుతుందని చూపించారు. ఆ పనికి 2015 ట్యూరింగ్ అవార్డు దక్కింది. వాళ్ల లెక్కను బెల్లం పాకంలో చెబుతాను, మన ప్రాంతానికి అదే తేలిక.

బాక్సు: పాకం గిన్నెల లెక్క

అక్క చోడవరంలో, చెల్లి అనకాపల్లిలో. ఇద్దరికీ ఒకే రుచి పాకం కావాలి, ఆ రుచి మూడోవాడికి తెలియకూడదు. గిన్నెలు మోసే ఆటోవాడు దారిలో రుచి చూసే రకం.

ఇద్దరూ ఒకే కొలత బెల్లం పాకంతో మొదలుపెడతారు. అది అందరికీ తెలిసినా ఫర్వాలేదు.

అక్క తన గిన్నెలో అల్లం రసం వేస్తుంది, ఎంతో తనకే తెలుసు. చెల్లి తన గిన్నెలో యాలకుల పొడి వేస్తుంది, ఆ కొలత ఆమె ఒక్కతికే తెలుసు.

గిన్నెలు మార్చుకుంటారు. ఆటోవాడు రెండూ రుచి చూస్తాడు.

అక్క, చెల్లి గిన్నెలో తన కొలత అల్లం వేస్తుంది. చెల్లి, అక్క గిన్నెలో తన కొలత యాలకులు వేస్తుంది. ఇప్పుడు ఇద్దరి దగ్గరా అదే బెల్లం, అదే అల్లం, అవే యాలకులు. ఒకే రుచి.

ఆటోవాడు తాను రుచి చూసినవి రెండూ కలిపితే? బెల్లం రెట్టింపవుతుంది, రుచి కుదరదు. అల్లం ఎంతో తెలుసుకోవాలంటే పాకంలోంచి దాన్ని తిరిగి విడదీయాలి. కలపడం క్షణం, విడదీయడం అసాధ్యం.

యంత్రాలు బెల్లం బదులు పెద్ద పెద్ద సంఖ్యలు వాడతాయి. వాటిని ఒక పద్ధతిలో కలపడం సులువు, వెనక్కి విప్పడం ఇవాళ ఉన్న ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా ఆచరణలో కాని పని. ఇద్దరికీ దక్కిన ఆ ఒకే రుచితో తర్వాతి మాటలన్నిటికీ తాళం వేసుకుంటారు.

గుట్టు దొరికింది, గుర్తు దొరకలేదు

పాకం కథలో ఒక బొక్క ఉంది. ఆటోవాడు రుచి చూసి ఊరుకోడు అనుకోండి. అక్క పంపిన గిన్నె తన దగ్గరే అట్టేపెట్టి, చెల్లికి తాను లవంగాలు కలిపిన సొంత గిన్నె ఇస్తాడు. చెల్లి గిన్నె అట్టేపెట్టి అక్కకూ తన గిన్నే ఇస్తాడు. అక్కకు వాడితో ఒక రుచి కుదిరింది, చెల్లికి వాడితోనే ఇంకో రుచి కుదిరింది. అక్కాచెల్లెళ్లు తమలో తాము గుట్టుగా మాట్లాడుకుంటున్నామనుకుంటారు. ప్రతి మాటా వాడి చేతుల మీదుగా, వాడికి నచ్చిన మార్పులతో వెళ్తుంటుంది.

ఎవరికీ వినపడకుండా మాట్లాడటం వేరు, ఎవరితో మాట్లాడుతున్నామో తెలియడం వేరు. ఈ విషయం గురించి రాసేవాళ్లలో చాలామంది మొదటిదాన్నే భద్రత అంటారు. వెబ్‌సైటుకు తాళం బొమ్మ కనిపిస్తే చాలు, సురక్షితం అంటారు. దొంగతో గుట్టుగా మాట్లాడినా గుట్టే కదా.

కారులో బ్లూటూత్ కలిపేటప్పుడు రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య వస్తుంది, సరిపోయిందా అని అడుగుతుంది. మనం చూడకుండానే "సరే" నొక్కేస్తాం. ఆ సంఖ్య పాకం రుచికి చిటికెడు మచ్చు. మధ్యలో ఆటోవాడు ఉంటే రెండు తెరల మీద రెండు వేర్వేరు సంఖ్యలు వస్తాయి. మన కళ్లు ఇక్కడ తువ్వాలు పని చేస్తున్నాయన్నమాట, గాలిలో కాక బయటి దారిలో సరిచూస్తున్నాయి. 2007లో వచ్చిన బ్లూటూత్ 2.1 నుంచి ఈ ఏర్పాటు ఉంది. కానీ కాటాకు ఆరంకెలు చూపి "సరేనా?" అని అడిగే తెర ఉండదు. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్‌కు అసలు తెరే లేదు. అలాంటి వాటిని సరిచూడటం లేకుండానే కలిపేస్తారు. పాత చవక పరికరాలైతే 0000 అనో 1234 అనో ఒకే సంకేతం పెట్టుకుని బతికేస్తాయి.

మరి తెర లేనిదాన్ని ఎలా గుర్తించాలి? జవాబు మా రేషను కాటా పక్కనే ఉంది, సీలు రూపంలో. తూనికలు కొలతల శాఖ వాళ్లు కాటాను పరీక్షించి, తీగ చుట్టి, దాని మీద ముద్ర కొడతారు. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి మళ్లీ చేయించాలి. మా పిన్నికి కాటా తయారు చేసినవాడు తెలియదు, డీలరు మీద అంత నమ్మకమూ లేదు. ముద్ర కొట్టిన శాఖ ఒకటుందని తెలుసు. ముద్ర తెగితే కనిపిస్తుంది. గడువు దాటితే చెల్లదు.

యంత్రాల మధ్య కూడా సరిగ్గా ఇదే ముద్ర ఉంది. దాన్ని డిజిటల్ సర్టిఫికెట్ అంటారు. "ఈ తాళం ఫలానా పరికరానిదే" అని ఒక మూడోపక్షం లెక్కలతో ముద్ర వేసిన చీటీ అది. ముద్ర వేయడం ఆ పక్షానికే సాధ్యం, సరిచూడటం ఎవరికైనా సాధ్యం. చీటీలో ఒక్క అక్షరం మారినా ముద్ర చెల్లదు. ఈ ఆలోచన 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే విద్యార్థి ఎంఐటీలో తన డిగ్రీ కోసం రాసిన థీసిస్‌లో మొదటిసారి కనిపించింది. ముద్ర వేసేవాడికి ముద్ర ఎవరు వేస్తారంటే, వాడి పైవాడు. ఆ పైవాడికి ఇంకా పైవాడు. మన దేశంలో ఆ నిచ్చెన చివరి మెట్టు 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ దగ్గర ఉంది. బ్యాంకుల రంగానికి ఈ పని చేసిన సంస్థ మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోనే ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ అది.

ఇళ్లలో వాడే దీపాలు, తాళాల లాంటివాటి కోసం కంపెనీలు కలిసి 2022 అక్టోబరులో "మ్యాటర్" అనే ప్రమాణం తెచ్చాయి. దాని ప్రకారం ప్రతి పరికరమూ ఫ్యాక్టరీలోనే ఇలాంటి పుట్టుచీటీతో బయటికి రావాలి. దాన్ని ఇంట్లో చేర్చుకునే ముందు ఫోను ఆ చీటీని అడిగి చూస్తుంది.

కోడి కింద బాతుగుడ్లు

ముద్ర పరికరం అసలుదో నకిలీదో చెబుతుంది. అది ఎవరి మాట వినాలో చెప్పదు. కొత్త తాళం అసలు కంపెనీదే, సరే. అది మీ మాట వినాలా, ఎదురింటివాళ్ల మాట వినాలా?

మన పల్లెల్లో బాతుగుడ్లను కోడి కింద పొదిగించడం మామూలే. కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు 28. పాపం కోడి ఇంకో వారం కూర్చుంటుంది. పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి రాగానే ఎదురుగా కదిలేది కోడి. అంతే, అదే అమ్మ. తర్వాత అసలు బాతు వచ్చి పిలిచినా అవి కోడి వెంటే పరుగెడతాయి. కోన్రాడ్ లోరెంజ్ ఈ ముద్రపడే గుణాన్ని బాతుల్లో గమనించి శాస్త్రానికి ఎక్కించాడు. జంతువుల ప్రవర్తన మీద పనికి 1973లో ఆయనకూ మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

1999లో కేంబ్రిడ్జ్‌లోని ఫ్రాంక్ స్టయానో, రాస్ ఆండర్సన్ యంత్రాలకు ఈ బాతుపిల్ల పద్ధతినే సూచించారు. కొత్త పరికరం గుడ్డులోంచి వచ్చిన పిల్ల. మొదట తనను తాకి రహస్యం చెవిలో ఊదినవాడే అమ్మ. చచ్చేదాకా ఆ అమ్మ మాటే వింటుంది. పరికరాన్ని ఇంకొకరికి అమ్మితేనో? అమ్మే దాన్ని చంపాలి, చచ్చిన పిల్ల మళ్లీ గుడ్డులోంచి పుట్టినట్టు పుట్టి కొత్త అమ్మను వెతుక్కోవాలి. మనం ఫ్యాక్టరీ రీసెట్ అంటామే, అదన్నమాట. వాళ్ల ఉదాహరణ ఆస్పత్రిలో వాడే వైర్‌లెస్ థర్మామీటరు. ఇవాళ ఈ డాక్టరు చేతిలో, రేపు ఇంకో డాక్టరు చేతిలో. ఎవరి రోగి జ్వరం ఎవరి తెర మీద పడాలి అన్నది చిన్న ప్రశ్న కాదు.

నాకు ఈ పద్ధతి ఇష్టం. ఇందులో మధ్యవర్తి లేడు, ఆఫీసు లేదు. ఆటోవాడికి చోటు లేకుండా తాకి చెబుతాం. కాటా-పోస్ పెళ్లి కూడా ఇదే రకం. టెక్నీషియన్ దుకాణానికి వచ్చి, రెంటినీ ఎదురెదురుగా పెట్టి కలిపి వెళ్తాడు. మా డీలరు తెలియకుండానే ఒక పరిశోధనా పత్రం సారాంశం చెప్పాడు.

ఈ పద్ధతి రెండు చోట్ల పాడవుతుంది. పిల్ల పుట్టగానే ముద్ర వేయకుండా గాలికి వదిలేయడం మొదటిది. కెమెరా, వైఫై రూటర్ కొని, అందులో ఫ్యాక్టరీ పెట్టిన admin లాంటి పాస్‌వర్డ్‌ను అలాగే ఉంచేస్తాం. అమ్మ లేని పిల్ల ఎవడు పిలిచినా పోతుంది. 2016లో "మిరాయ్" అనే పురుగు చేసింది ఇదే. అరవైకి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని ప్రపంచంలోని కెమెరాలను, రూటర్లను ఒక్కొక్కటే తట్టింది, తెరిచినవాటిని పోగేసుకుంది. ఆ అక్టోబరు 21న అలా పోగైన మంద ఒకటి వెబ్‌సైట్లకు దారి చూపే డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు. చేసింది పెద్ద శత్రుదేశమేమో అనుకున్నారు. ఆ పురుగును తయారు చేసింది ముగ్గురు కుర్రాళ్లని తేలింది. 2025 ఫిబ్రవరిలో మన దేశంలోనే, రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆస్పత్రి కెమెరా దృశ్యాలు యూట్యూబ్, టెలిగ్రామ్‌లలో అమ్మకానికి వచ్చాయి. అక్కడ బయటపడింది ఆడవాళ్ల మానం.

రెండోది చంపే అధికారం అమ్మను దాటిపోవడం. ఫిలిప్స్ హ్యూ బల్బులను కొత్త యజమాని కిందికి తెచ్చుకోవాలంటే రిమోటును బాగా దగ్గరగా పెట్టాలి. దగ్గరికి రాగలిగినవాడే యజమాని అన్న తర్కం. 2016లో ఎయాల్ రోనెన్, ఆది షమీర్, వాళ్ల సహచరులు ఆ దగ్గరతనం పరీక్షలోనే తప్పు కనిపెట్టారు. డ్రోన్ మీద పరికరం కట్టి, వందల మీటర్ల దూరం నుంచి ఒక భవనంలోని బల్బులను చంపి, తమ పిల్లలుగా మళ్లీ పుట్టించారు. ఆ రకం బల్బులన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేర్‌ను నమ్మడానికి ఒకే తాళం వాడుతున్నారని కూడా తేలింది. ఒక బల్బు విప్పి ఆ తాళం పట్టుకుంటే అన్నీ చేతికొచ్చినట్టే. వాళ్లు ముందే చెప్పడంతో కంపెనీ సరిదిద్దింది. ఊరందరి ఇళ్లకూ ఒకే తాళంచెవి చేయించిన తాపీమేస్త్రీని మనం ఊళ్లో ఉండనిస్తామా?

బాక్సు: టిఫిన్ కొట్టు పెట్టె ఎవరి మాట వింటోంది?

చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వచ్చినవాళ్లు పక్కన ఇడ్లీ తిని ఫోనుతో డబ్బు కడతారు. బల్ల మీది చిన్న పెట్టె "నలభై రూపాయలు అందాయి" అని పలుకుతుంది. చాలామంది ఫోను ఆ పెట్టెతో మాట్లాడిందనుకుంటారు. ఆ రెండూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

క్యూఆర్ కాగితంలో ఉన్నది కొట్టు ఖాతా చిరునామా మాత్రమే. ఫోను తన బ్యాంకుతో మాట్లాడింది, బ్యాంకు యూపీఐ ద్వారా కొట్టు బ్యాంకుకు చెప్పింది, అక్కణ్నుంచి కబురు ఆ పెట్టెనిచ్చిన కంపెనీ సర్వర్‌కు, సర్వర్ నుంచి పెట్టెలో ఉన్న సిమ్‌కు చేరింది. పెట్టె నమ్మేది తన సర్వర్‌ను ఒక్కదాన్నే. అందుకే నకిలీ స్క్రీన్‌షాట్ చూపినవాడి ఆటలు సాగవు.

మీ ఫోనును బ్యాంకు ఎందుకు నమ్మింది? యూపీఐ యాప్ మొదటిసారి పెట్టినప్పుడు "మీ ఫోను నుంచి ఎస్సెమ్మెస్ వెళ్తుంది" అని అడిగింది గుర్తుందా? ఆ సందేశంలో ఒక రహస్య సంకేతం ఉంటుంది. అది మీ సిమ్ నుంచే వచ్చిందని బ్యాంకు చూసుకుని, ఆ సిమ్‌నూ ఆ ఫోనునూ మీ ఖాతాకు ముడివేస్తుంది. అదే బాతుపిల్ల ముద్ర.

ఈ గొలుసులో ఏ ముద్రా లేనిది ఒక్కటే, గోడకు అంటించిన ఆ క్యూఆర్ కాగితం. దొంగలు దాని మీద ఇంకో కాగితం అంటించి పోతారు. డబ్బు కట్టే ముందు తెర మీద వచ్చే పేరు చదవమనేది అందుకే.

యంత్రం నిజం, వేలు అబద్ధం

ఇన్ని తాళాలు, ముద్రలు వేశాక ఒక పెద్ద కంత మిగిలే ఉంటుంది. అది తెలుగు నేల మీదే బయటపడింది.

వేలిముద్ర మెషీన్ల నుంచి ఒకసారి తీసిన ముద్రను దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ పంపే ప్రమాదం మొదట్లో ఉండేది. పైన చెప్పుకున్న చిలక మోసమే. దాన్ని ఆపడానికి ఆధార్ సంస్థ 2017లో "రిజిస్టర్డ్" పరికరాలను తప్పనిసరి చేసింది. ప్రతి స్కానర్‌కూ సొంత తాళం ఉంటుంది. తీసిన ప్రతి ముద్రకూ వేళ జోడించి, తన సంతకం పెట్టి, మూటగట్టి పంపుతుంది. దాచిన ముద్ర ఇక చెల్లదు. గట్టి ఏర్పాటే.

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దొరికాడు. అతను ఏ తాళాన్నీ పగలగొట్టలేదు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు ఇంటర్నెట్‌లో ఉంటే వాటి మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకలు వేళ్లు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ పత్రాలతో అదే పని చేసి, ఆధార్ చెల్లింపుల దారిలో జనం ఖాతాల్లో డబ్బు లాగింది. స్కానర్ అసలుదే. సంతకం అసలుదే. వేళ కూడా తాజాదే. స్కానర్ మీద పెట్టిన వేలే రబ్బరుది. తడిపిన బియ్యాన్ని కూడా ముద్ర ఉన్న కాటా నిజాయితీగానే తూస్తుంది.

దాంతో పరీక్ష ఇంకా లోపలికి జరిగింది. 2023 ఫిబ్రవరిలో గీతలతోపాటు వేలి బొమ్మనూ కలిపి చూసి ప్రాణమున్న వేలా కాదా అని తేల్చే పద్ధతి వచ్చింది. పాత రకం స్కానర్లలో సంతకం పని ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉండే సాఫ్ట్‌వేర్ చేసేది. కొత్త "ఎల్1" రకంలో అది బయటి సాఫ్ట్‌వేర్‌కు అందని భద్రమైన చోట జరుగుతుంది. రేషను డిపోలను, ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్రలను ఎల్1కు మారమని ఒత్తిడి చేసింది అందుకే. ఆధార్ యాప్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే వీలుంది, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. మా పిన్నికి వేసిపెడదామనుకుని ఆగాను. నెలనెలా రేషనుకు తాళం తీసేదెవరు? ఆ ముసలమ్మకైతే అసలు గీతలే లేవు. యంత్రం ఎంత కట్టుదిట్టమైతే ఆమె వేలికి అన్ని ప్రయత్నాలు పెరుగుతాయి. అనుమానం దొంగ మీద, కష్టం మాత్రం చెరకు తోటలో పనిచేసినవాళ్ల మీద పడుతోంది.

చెరువు కనిపించాక

కోడి పెంచిన బాతుపిల్లలు బుద్ధిగా దాని వెంట తిరుగుతాయి, చెరువు కనిపించేదాకా. నీళ్లు చూడగానే దిగిపోతాయి. కోడి గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ గోల పెడుతుంది. మనం కొన్న కెమెరా కూడా అంతే. మన మాటే వింటుంది, అయినా దాని చెరువు వేరు. తయారీదారు సర్వర్‌తో అది రాత్రీ పగలూ మాట్లాడుతూనే ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కణ్నుంచే వస్తుంది, కొత్త స్వభావం కూడా. కంపెనీ మూతపడితే ఆ కబుర్లు ఆగిపోతాయి, కనిపెట్టిన కంతలు అలాగే ఉండిపోతాయి. ఏటా ముద్ర వేయించుకునే రేషను కాటాకు ఉన్న గడువు మన ఇంటి కెమెరాకు లేదు.

సీసీ కెమెరాల విషయంలో ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో నియమాలు ప్రకటించి, ఏడాది తర్వాత అమల్లోకి తెచ్చింది. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో భద్రతా పరీక్ష నెగ్గకుండా కొత్త రకాలు అమ్మకూడదు. అప్పటికే గోడలెక్కిన పాతవాటి సంగతి వేరు.

మా పిన్ని కొడుకు పశువుల పాక దగ్గర ఒక కెమెరా బిగించాడు. నేను ఉన్న ఆ వారంలోనే రూటర్ మార్చారు. కెమెరాను మళ్లీ కలపాలంటే దాని మీద ఉన్న క్యూఆర్ స్టిక్కర్ కావాలి, డబ్బా ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. వాడు నిచ్చెనెక్కి, ఒక చేత్తో దూలం పట్టుకుని, ఇంకో చేత్తో స్టిక్కర్‌ను స్కాన్ చేశాడు. దిగబోతుంటే, "దాన్ని అక్కడే ఉంచేస్తే పాలకొచ్చినోళ్లెవరైనా ఫొటో తీసుకోగలరు కదరా" అన్నాను.

వాడు ఒక క్షణం ఆలోచించి, గోరుతో స్టిక్కర్ మెల్లగా ఊడదీశాడు. ఇంట్లోకి వెళ్లి బీరువా తెరిచి, పట్టాదారు పాసుపుస్తకం లోపలి అట్టకు అంటించి మళ్లీ తాళం వేశాడు.